పడక సీను దాకా చాలు

ప్రశ్న: మాది రాజోలు దగ్గర ఒక పల్లె. మాకు ఎనిమిదేళ్ల అమ్మాయి, అయిదేళ్ల అబ్బాయి. ఇంగ్లండులో ఉంటున్న మా అక్క మొన్న వేసవిలో తన పిల్లలను ఒక పార్కులో ఆరుబయట జరిగిన ఒపెరాకు (పాడుతూ ఆడే పాశ్చాత్య నాటకానికి) తీసుకువెళ్లి, ఆ వీడియో నాకు పంపింది. పిల్లల కోసం గంటకు కుదించిన ప్రదర్శన అది. గడ్డి మీద దుప్పట్లు పరుచుకొని కూర్చున్నారు, మధ్యమధ్య ఒకాయన వచ్చి కథ చెప్పాడు. అది చూసినప్పటి నుంచి మా పిల్లలకు కూడా అలాంటిదేదైనా చూపించాలని ఉంది. మాఘమాసంలో మా ఊరి తీర్థానికి పద్యనాటకం వేయిస్తారు. పిల్లలు పది నిమిషాలు కూడా కూర్చోరని, వాళ్లకు ఒక్క ముక్క అర్థం కాదని మా వారు అంటున్నారు. కాటి సీను చిన్నపిల్లలు చూడకూడదని మా అత్తగారు అంటున్నారు. ఒపెరా చూపిద్దామంటే మాకు ఆ భాష రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి? మధ్యలో చిన్నవాడు నిద్రపోతే మంచి సీను వచ్చినప్పుడు లేపవచ్చా? – ఒక తల్లి, కోనసీమ

సమాధానం: అమ్మా, మీ వారు వేసిన పది నిమిషాల లెక్క సరైనదే. అయిదేళ్ల పిల్లవాడు అంతకు మించి ఒకచోట కూర్చోడు. కానీ ఆ లెక్క కుర్చీలున్న హాలుకు వర్తిస్తుంది. హాలులో పిల్లవాడు కదిలితే ముందు వరుసవాళ్లు వెనక్కి తిరిగి చూస్తారు, తల్లి వాడి నోరు మూస్తుంది, ఆ రాత్రి వాడికి గుర్తుండేది ఆ మూసిన చెయ్యి ఒక్కటే. గుడి ముందు ఖాళీ స్థలంలో చాప మీద కూర్చోబెట్టిన పిల్లవాడికి ఆ బాధ లేదు. వాడు కాసేపు వేదిక వైపు చూస్తాడు, కాసేపు మట్టిలో గీతలు గీస్తాడు, జీళ్ల బండి దాకా వెళ్లి వస్తాడు, మీ ఒళ్లో తల పెట్టుకొని ఆకాశం వైపు చూస్తూ పడుకుంటాడు. అంతలో పద్యం పై స్థాయికి వెళ్లి అక్కడే నిలిచినప్పుడు లేచి కూర్చుని ఎవరు పాడుతున్నారా అని చూస్తాడు. మీరు ఎదురుచూడవలసింది ఆ లేచి కూర్చోవడం కోసమే. మీ అక్కగారు పంపిన వీడియోలో పిల్లలు అంత హాయిగా కనిపించడానికి సగం కారణం ఒపెరా అయితే, మిగతా సగం ఆ గడ్డి, ఆ దుప్పటి అని నా అభిప్రాయం.

ఈ రెండు కళల పోలిక గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మీ అసలు సందేహానికి జవాబు అక్కడే ఉంది. ఒపెరా పుట్టి నాలుగు వందల ఏళ్లు దాటింది. 16వ శతాబ్దం చివర ఇటలీలోని ఫ్లారెన్సు నగరంలో, ప్రాచీన గ్రీకు నాటకాలను పాడుతూ ఆడేవారని నమ్మిన కొందరు పండితులు, సంగీతకారులు ఆ పద్ధతిని తిరిగి తేవాలనుకోవడంతో అది మొదలైంది. అందులో పాత్రలు మాట్లాడుకోవలసిన మాటలను కూడా చాలావరకు పాడుతూనే చెబుతాయి. అయినా ఆ పాటలో రెండు రకాలున్నాయి. ఒకటి మాటకు దగ్గరగా గబగబా సాగిపోయేది, కథను ముందుకు నడిపేది. రెండవది ఒక పాత్ర నిలబడి తన కోపాన్నో ప్రేమనో తీరికగా పాడుకునేది, అప్పుడు కథ ఆగిపోతుంది. మన పద్యనాటకంలో వచనానికీ పద్యానికీ మధ్య ఉన్న బాంధవ్యం సరిగ్గా ఇదే. అలాగని రెండూ ఒకటేనని నేను అనను. ఒపెరా గాయకుడి వెనుక పదుల మంది వాద్యకారులు రాసిపెట్టుకున్న స్వరాలను ఒక తూకంలో వాయిస్తుంటారు, అతడు వాళ్లతో కలిసి నడవాలి. మన నటుడికి ఒక హార్మోనియం, ఒక తబలా చాలు. పద్యానికి తాళం కట్టుబాటు లేదు కాబట్టి హార్మోనిస్టే అతడి గొంతు వెంట పరుగెత్తుతాడు.

పిల్లలు అడిగే మొదటి ప్రశ్న నాకు తెలుసు: "ఆయన అంతసేపు ఎందుకు పాడుతున్నాడు?" దానికి పెద్దలు "అది రాగం నాన్నా" అని చెప్పి ఊరుకుంటారు. దానికంటే, "మాట్లాడుతున్నప్పుడు కథ నడుస్తుంది, పాడుతున్నప్పుడు కథ ఆగుతుంది, ఆయన మనసులో ఏముందో మనకు చూపిస్తాడు" అని ఇంట్లోనే చెప్పి ఉంచండి. ఎనిమిదేళ్ల అమ్మాయికి అది చక్కగా అందుతుంది. రేపు మీ అక్కగారి దగ్గరకు వెళ్లి ఒపెరా చూసినా ఆ ఒక్క మాట అక్కడా పనికివస్తుంది.

అర్థం కాదన్న మాటకు వస్తాను. మీ అమ్మాయి బడిలో వేమన పద్యాలు చదువుకునే ఉంటుంది. అవి చాలావరకు ఆటవెలది అనే ఛందస్సులోవి. పద్యనాటకంలో నటులు ఎక్కువ ఇష్టంగా ఎత్తుకునే సీసపద్యం చూడటానికి కొండలా ఉంటుంది గాని, దాని చివర ఎత్తుగీతిగా ఒక తేటగీతిగాని ఆటవెలదిగాని తప్పక వస్తుంది. అంటే మీ అమ్మాయి నోటికి వచ్చిన నడకే ఆ కొండ చివర ఉండవచ్చు. ఊళ్లో నాటకాల్లో వేషాలు వేసిన పెద్దాయన ఎవరో ఒకరు ఉంటారు; గోదావరి జిల్లాల్లో అలాంటివారు లేని ఊరు అరుదు. ఒక సాయంత్రం ఆయన దగ్గరకు పిల్లలను తీసుకువెళ్లి, వాళ్లకు వచ్చిన వేమన పద్యాన్నే నాటకం మట్టులో పాడమని అడగండి. తెలిసిన మాటలు తెలియని రాగంలో వినిపించినప్పుడు పిల్లలు మొదట నవ్వుతారు. నవ్వనివ్వండి. మూడోసారికి వాళ్లే ఆ చివరి అక్షరాన్ని సాగదీసి, ఊపిరి చాలక దగ్గుతారు. ఆ దగ్గు తర్వాత, వేదిక మీద నటుడు అంతసేపు ఊపిరి ఎలా పట్టాడన్నది వాళ్ల ప్రశ్న అవుతుంది.

ఇక ఏ సీను చూపించాలన్నది. మీ అత్తగారి మాట నేను సమర్థిస్తున్నాను. హరిశ్చంద్రలో కాటి సీను గొప్పదే, జాషువా గారి పద్యాలు అందులో చేరాక అది ఇంకా గొప్పదైంది. కానీ పాము కరిచి చనిపోయిన పిల్లవాణ్ని తల్లి శ్మశానానికి మోసుకువచ్చే ఘట్టం అది. దాన్ని చూడటానికి అయిదేళ్లు చాలవు. ఎనిమిదేళ్ల అమ్మాయి కూడా మరో మూడు నాలుగేళ్లు ఆగడం మంచిది. వేశ్య కథ అయిన చింతామణి నాటకం మాట మీరు ఎత్తలేదు గనుక నేనూ ఎత్తను.

నన్నడిగితే కళ్లు మూసుకొని పడక సీను అంటాను. తిరుపతి వేంకట కవులు రాసిన పాండవోద్యోగం నాటకంలోని ఘట్టం అది. ఆ జంటలో తిరుపతి శాస్త్రి గారిది భీమవరం దగ్గర యండగండి, వేంకట శాస్త్రి గారిది కడియం, అంటే ఆ పద్యాలకు మూలపురుషులు ఇద్దరూ మన గోదావరి నీళ్లు తాగినవారే. కథ పిల్లల ఆటలా ఉంటుంది. శ్రీకృష్ణుడు నిద్ర నటిస్తూ పడుకొని ఉంటాడు. ముందు వచ్చిన దుర్యోధనుడు తల దగ్గర ఆసనం చూసుకొని కూర్చుంటాడు, తర్వాత వచ్చిన అర్జునుడు కాళ్ల దగ్గర నిలబడతాడు. నిద్ర లేచినవాడికి మొదట కనిపించేది కాళ్ల దగ్గర ఉన్నవాడే గదా. దొంగనిద్ర అన్నది పిల్లలకు ఎవరూ వివరించనక్కరలేని విద్య. నాటకానికి నాలుగు రోజుల ముందు ఇంట్లో మంచం మీద మీ వారిని పడుకోబెట్టి, పిల్లలిద్దరినీ తల దగ్గర ఒకరిని, కాళ్ల దగ్గర ఒకరిని నిలబెట్టి ఆ ఘట్టం ఆడించండి. నారాయణ సైన్యం కావాలా, ఆయుధం పట్టని కృష్ణుడు కావాలా అని అడిగించండి. మీ అబ్బాయి సైన్యమే కోరుకుంటాడని నా అనుమానం, కోరుకోనివ్వండి. నాటకం రోజు వాడు దుర్యోధనుడి పక్షాన కూర్చుని మరింత శ్రద్ధగా చూస్తాడు.

మీ ఊరివాళ్లు గయోపాఖ్యానం వేయిస్తే అదీ బాగుంటుంది. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు యువకుడిగా ఉన్నప్పుడు రాజమహేంద్రవరంలో నాటక సమాజం కోసం రాసిన నాటకం అది. ఆయనది కూడా మన ఖండవల్లే. గయుడనే గంధర్వుడు విమానంలో పోతూ కిందికి ఉమ్మిన తాంబూలం, సూర్యుడికి అర్ఘ్యమిస్తున్న కృష్ణుడి దోసిట్లో పడుతుంది. పిల్లలకు ఇంతకంటే సులువుగా అర్థమయ్యే నేరం పురాణాలన్నీ వెతికినా దొరకదు. అయితే ఆ తర్వాత కృష్ణార్జునుల వాదం చాలా పొడుగు. తప్పెవరిదో తేలకముందే మీవాళ్లు వేరుశనక్కాయల పొట్లం ఖాళీ చేస్తారు.

కూర్చునే చోటు గురించి నా అనుభవం చెబుతాను, దీన్ని తేలికగా తీసుకోవద్దు. మా అమ్మాయికి ఆరేళ్లప్పుడు కాలవ గట్టున ఉన్న ఒక ఊళ్లో రాయబారం చూడటానికి తీసుకువెళ్లాను. బాగా కనిపిస్తుందని ముందుకు వెళ్లి కూర్చున్నాం. సౌండు పెట్టినతను పెద్ద బాక్సును సరిగ్గా మా పక్కనే నిలబెట్టాడని నేను గమనించలేదు. భీముడు గద ఎత్తి కేక పెట్టేసరికి పిల్ల చెవులు మూసుకొని ఒక్క పెట్టున ఏడుపు లంకించుకుంది. ఆ రాత్రి ఇంటికి తీసుకువచ్చేశాం. తర్వాత రెండేళ్లు నాటకం మాట ఎత్తితే చాలు, వాళ్ల అమ్మమ్మ వెనక దాక్కునేది. తప్పు భీముడిది కాదు, నాది. చివరికి ఆ బెదురు తీరింది మరో ఊళ్లో, నాటకం మొదలుకాకముందు. మేకప్ వేసుకుంటున్న పాకలోకి తెలిసిన హార్మోనిస్టు మమ్మల్ని తీసుకువెళ్లాడు. అక్కడ భీముడు ముఖానికి గులాబీ రంగు పూసుకొని, సగం మీసం అంటించుకొని, కిరీటం ఒళ్లో పెట్టుకొని, కళ్లజోడుతో టీ తాగుతున్నాడు. మా అమ్మాయి చేతికి గద ఇచ్చి ఎత్తమన్నాడు. అది లోపల బోలు. దూది మూటంత బరువు కూడా లేదు. అంతసేపూ భయంగా చూస్తున్న పిల్ల దాన్ని ఒంటిచేత్తో పైకెత్తి, "నాన్నా, ఇది ఉత్తిదే" అంది. ఆ రాత్రి భీముడి కేకకు అది చప్పట్లు కొట్టింది.

అందుచేత వేదిక ముందు నట్టనడుమ కాకుండా, సౌండు బాక్సులకు దూరంగా, హార్మోనియం ఉన్న వైపు పక్కగా చాప వేసుకోండి. పిల్లలు విసిగినప్పుడు చూడటానికి హార్మోనిస్టు వేళ్లున్నాయి, తొక్కుడు హార్మోనియమైతే అతడి కాళ్లున్నాయి. నటుడు పద్యం ఎత్తుకోబోయే ముందు హార్మోనిస్టు ఒక్క స్వరం పట్టి వదులుతాడు, నటుడు దాన్ని చెవితో అందుకొని గొంతులోకి తెచ్చుకుంటాడు. ఆ చిన్న ఇచ్చిపుచ్చుకోవడం పక్కనుంచే కనిపిస్తుంది, ఎదురుగా కూర్చున్న పెద్దమనుషులకు కనిపించదు. పద్యం చివర ఆలాపన నడుస్తుండగా జనంలోంచి ఎవరైనా "వన్స్ మోర్" అని అరిస్తే మీ పిల్లలనూ అరవనివ్వండి. తాము అరిచినందుకు ఒక రాజు మళ్లీ పాడాడని వాళ్లు నెలరోజులు బడిలో చెప్పుకుంటారు.

మాఘమాసంలో మన వైపు పొద్దుగూకగానే మంచు దిగుతుంది, దాళ్వా చేల మీదుగా దోమలు వస్తాయి. తలకు గుడ్డ, నిండు చేతుల చొక్కా, కింద మందపాటి బొంత తప్పనిసరి. భోజనం పెట్టే తీసుకువెళ్లండి.

మీ తీర్థానికి ఇంకా వ్యవధి ఉంటే, చిన్నవాడికి నాటకం కంటే ముందు తోలుబొమ్మలాట చూపించే దారి ఉందేమో కనుక్కోండి. కాకినాడ దగ్గర మాధవపట్నంలో తరతరాలుగా ఆ విద్య ఉన్న కుటుంబాలున్నాయి. తెల్లని తెర, వెనక దీపం, రంగులు వేసిన తోలులోంచి వచ్చే వెలుగు, ఇవన్నీ చీకట్లోనే అందం. గాయకులు తెర వెనక చెక్కలను కాళ్లతో తొక్కుతూ యుద్ధపు చప్పుడు పుట్టిస్తారు. పిల్లవాణ్ని ఒకసారి వెనక్కి తీసుకువెళ్లి ఆ కాళ్లు చూపించండి. అందులోనూ పాటే కథను మోస్తుంది, కాని కేతిగాడు, బంగారక్క వచ్చిపోతూ నవ్విస్తుంటారు కాబట్టి పాట బరువనిపించదు. (రాత్రి ముదిరేకొద్దీ కేతిగాడి నోరు కూడా ముదురుతుంది, అది తెలిసే చెబుతున్నాను.) హైదరాబాదు వెళ్లే పని పడితే సురభివారి నాటకం చూడండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన ఆ కుటుంబ సమాజం తీగల మీద మనుషులను గాలిలో ఎగరేస్తుంది, చిటికెలో సెట్టింగు మార్చేస్తుంది. అది చూసిన పిల్లలకు మన ఊరి తెర పేదగా కనిపించే ప్రమాదముంది, కనుక దాన్ని రెండోదిగా ఉంచుకోవడమే మేలు.

ఒపెరా భాష రాదన్న బెంగ పెట్టుకోవద్దు. ఇటాలియను ఒపెరా చూసే ఇంగ్లీషువారికి కూడా ఆ భాష చాలామందికి రాదు. అందుకే 1983లో కెనడాలోని టొరంటోలో వేదిక పైన అనువాదం అక్షరాల్లో చూపే పద్ధతి మొదలై, తర్వాత అన్నిచోట్లకూ పాకింది. చదవలేని పిల్లల విషయంలో ఆ అక్షరాల పని మీరు చేయాలి. కథంతా ముందే తెలుగులో చెప్పి, చూసేటప్పుడు చెవిలో ఒక్కో మాట వేయాలి. మొదటి పరిచయానికి మొత్సార్ట్ సంగీతం కూర్చిన మాయావేణువు (మ్యాజిక్ ఫ్లూట్) కథ మంచిది. 1791లో వియన్నాలో మొదట ఆడిన ఆ ఒపెరాలో పాటల మధ్య మాటలు మామూలు మాటలుగానే ఉంటాయి, మన వచనంలాగా. అందులో ఈకల దుస్తులు వేసుకున్న పిట్టలవాడు ఒకడున్నాడు. తనకు జోడీ దొరికిన సంతోషంలో వాడూ ఆమే "ప, ప, ప" అని తడబడుతూ ఒకరి పేరు ఒకరు పూర్తి చేయలేక పాడుకునే పాటకు ఏ భాషా అక్కరలేదు. ముందు ఆ రెండు మూడు నిమిషాలే చూపించండి, మళ్లీ అడిగితేనే ఇంకొకటి. మీ అక్కగారి వీడియోను ఆ తర్వాత చూపిస్తే, అక్క పిల్లలు గడ్డి మీద దేనికి నవ్వుతున్నారో మీవాళ్లు ఆరా తీస్తారు. ఇటలీలోని వెరోనాలో పాతకాలపు రోమన్ రంగస్థలంలో 1913 నుంచి వేసవి రాత్రుల్లో ఒపెరాలు ఆడుతున్నారు, చీకటి పడగానే రాతి మెట్ల మీద కూర్చున్న జనం చిన్న కొవ్వొత్తులు వెలిగించుకునే ఆనవాయితీ అక్కడ ఉంది. అంతర్వేది తీర్థం చూసిన మీ పిల్లలకు ఆ ఫోటో చూపించండి.

ఇంకొక పని మీ ఒక్కరివల్ల కాదు, అయినా అడిగి చూడండి. మీ అక్కగారి పార్కులో జరిగినది పిల్లల కోసం వేళ మార్చిన ప్రదర్శన. మన దగ్గర నాటకం రాత్రి తొమ్మిదింటికో పదింటికో గాని మొదలుకాదు. నాటకం వేయించే పెద్దలను కలిసి, ఆ రోజు సాయంత్రం ఆరింటికి పడక సీను ఒక్కటీ పిల్లల కోసం ముందుగా ఆడించమని కోరండి. కళాకారులకు దానికి వేరే పారితోషికం ఇవ్వాలి. రాత్రంతా గొంతు ఖర్చు చేయవలసినవారిని ఊరికే పాడమనడం న్యాయం కాదు. నలుగురు తల్లులు కలిసి చందా వేసుకుంటే అది పెద్ద మొత్తం కాదు. వేషాలతో ఉన్నవారే ముందు తామెవరో, చేతిలో ఉన్నదేమిటో పిల్లలకు చెబితే, తెర తీసేసరికి వాళ్లందరూ తెలిసినవాళ్లవుతారు. కమిటీవారు ఒప్పుకోకపోతే రాత్రి నాటకంలోనే పడక సీను దాకా ఉండి లేచి రండి. మొత్తం చూడాలన్న పట్టు మొదటి ఏడాది వద్దు.

చివరగా, చిన్నవాడు నిద్రపోతే లేపవద్దు. పై స్థాయిలో ఉన్న గొంతుల మధ్య ఉన్నట్టుండి లేచిన పిల్లవాడికి కిరీటాలూ మీసాలూ భయం పుట్టిస్తాయి. దుప్పటి కప్పి వదిలేయండి. మీ అమ్మాయితో మాత్రం ముందే ఒక ఒప్పందం చేసుకోండి: తమ్ముడు నిద్రపోయాక జరిగినదంతా తనే గుర్తుపెట్టుకొని పొద్దున్న వాడికి చెప్పాలని. మరునాడు పాలు తాగుతూ ఆమె ఆ కథ చెబుతున్నప్పుడు మీరు మధ్యలో సరిదిద్దకండి. పద్యం దగ్గరకు వచ్చేసరికి మాటలు గుర్తులేక రాగం ఒక్కటే తీస్తుంది. అప్పుడు వాడు, "నేనూ విన్నాను, అప్పుడు మెలకువగానే ఉన్నాను" అని దబాయిస్తాడు. ఒప్పుకోండి.